ఏలూరు మున్షీ, లండన్ క్లాసురూము

మా ఆపా కూతురికి లండన్‌లో ఎమ్మే సీటొచ్చింది. సబ్జెక్టు సోషల్ ఆంత్రోపాలజీ. ఇంజనీరింగ్ పిల్లలు చేసే ఎమ్మెస్ అయితే ఆపాకు ఎవరూ వివరించనక్కర్లేదు. మా గల్లీలో నలుగురు పిల్లలు ఆ చదువుకే వెళ్లారు. ఇదేం చదువో చెప్పమని మమ్మల్ని అడిగింది. ఇరవై ఏళ్లుగా పత్రికల్లో పనిచేస్తున్నవాళ్లం, ఆ మాత్రం చెప్పలేమా అనుకున్నాం. "మనుషులు ఎట్లా బతుకుతారో, పెళ్లిళ్లు ఎట్లా చేసుకుంటారో, మయ్యత్ ఎట్లా లేపుతారో, ఎవర్ని దస్తర్‌ఖాన్ మీద కూర్చోబెట్టుకుంటారో, ఎవర్ని గుమ్మం బయటే నిలబెడతారో, వాళ్ల మధ్యే ఉండి చూసి రాసే శాస్త్రం" అన్నాం. ఆపా చాయ్ కప్పు కింద పెట్టి, "మనుషుల్ని చదవడానికి లండన్ దాకా పోవాలా? మన గల్లీలో లేరా మనుషులు?" అంది.

నవ్వేశాం. కానీ ఆ ప్రశ్న ఏడాదిగా మమ్మల్ని వదల్లేదు. ఈ వ్యాసం దాన్ని పట్టుకునే నడుస్తుంది.

మన గల్లీలో మనుషులున్నారు. వాళ్లను చదివి రాసినవాళ్లూ ఉన్నారు. అయితే రాసిన పుస్తకాలు గల్లీలో లేవు. నల్లమల చెంచుల మీద, గోదావరి కొండరెడ్ల మీద, ఆదిలాబాద్ రాజగోండుల మీద హైమండార్ఫ్ రాసిన పుస్తకాలు 1943, 1945, 1948లలో వచ్చాయి. అచ్చయింది లండన్‌లో. హైదరాబాద్ పక్కనున్న శామీర్‌పేట మీద ఉస్మానియాలో పాఠాలు చెప్పిన ఎస్.సి. దూబే రాసిన పుస్తకం 1955లో వచ్చింది. అదీ లండన్‌లోనే. మన ఊళ్లు వాళ్ల అలమరాల్లో ఉన్నాయి. మన ఊరిని చదవాలంటే లండన్ టికెట్టు కొనాల్సి రావడం వెనక ఒక చరిత్ర ఉంది. ఆ చరిత్రలో మా వాడొకడున్నాడు. అతని దగ్గర్నుంచే మొదలుపెడతాం.

*

1832లో లండన్‌లో ఖానూన్-ఎ-ఇస్లాం అనే పుస్తకం అచ్చయింది. హిందూస్తాన్ ముసల్మానుల ఆచారాలన్నీ, పుట్టుక నుంచి చావు దాకా, వరసగా రాసిన పుస్తకం. రాసినవాడు జాఫర్ షరీఫ్. ఏలూరులో పుట్టినవాడు. మద్రాసు కంపెనీ కొలువులో మున్షీ. రాసింది దక్కనీలో. అడిగి రాయించుకున్నవాడు, ఇంగ్లీషు చేసినవాడు కంపెనీ డాక్టరు హెర్‌క్లాట్స్.

ఆ పుస్తకం మొదటి పేజీని మళ్లీ మళ్లీ చూశాం. జాఫర్ షరీఫ్ పేరు ముందే ఉంది, కాదనలేం. కానీ ఆ పేరు పక్కనే, ఈయన దక్కన్ దేశీయుడు అని బ్రాకెట్లో ఉంది. ఆ కింద, డాక్టరు గారి అజమాయిషీలో ఇది కూర్చబడిందనీ, వారే అనువదించారనీ ఉంది. డాక్టరు గారికి బ్రాకెట్ లేదు. ఆయన పేరు పక్కన ఆయన డిగ్రీ ఉంది. ఒకరికి పుట్టిన చోటు, ఒకరికి చదివిన చదువు! దాదాపు రెండు వందల ఏళ్ల తర్వాత మా పిల్ల కూర్చోబోయే క్లాసురూములో కుర్చీల ఏర్పాటు అంతా ఆ ఒక్క పేజీలో ఉంది. తెలిసినవాడు ఒకడు, తెలుసుకున్నవాడు ఇంకొకడు. తెలుసుకున్నవాడిది శాస్త్రం. తెలిసినవాడిది సమాచారం.

1921లో విలియం క్రూక్ అనే పండితుడు ఆ పుస్తకాన్ని సవరించి, అధ్యాయాలు అటూ ఇటూ మార్చి, ఇంకా కొంత చేర్చి మళ్లీ వేశాడు. తర్వాతి పండితులు చాలామంది దాన్ని హెర్‌క్లాట్స్ పుస్తకం అనే అంటూ వచ్చారు. మున్షీ మెల్లగా బ్రాకెట్లోకి, బ్రాకెట్ నుంచి మరుపులోకి వెళ్లిపోయాడు.

అయితే పుస్తకం తెరిచి చదివితే మున్షీ మున్షీలా ఉండడు. ఛిల్లా, అఖీఖా, బిస్మిల్లా, షాదీ, మొహర్రం పీర్లు, ఫకీర్ల పులివేషాలు, తావీజులు, దయ్యాలను దించడం, ఏదీ వదల్లేదు. షరియత్‌లో ఏముందో చెప్పి ఊరుకోకుండా జనం ఏం చేస్తున్నారో రాశాడు. చిన్నదో పెద్దదో అని ఎంచకుండా, ఏ రోజు ఏ వంట, ఎవరి చేతికి ఏ దారం అన్నది కూడా రాసే ఓపిక అతనిది. మలినౌస్కీ పసిఫిక్ దీవుల్లో గుడారం వేసుకుని కూర్చోవడానికి ఎనభై ఏళ్లకు పైగా ముందే ఏలూరు మనిషి ఒకడు తన జనం బతుకును ఇంత దగ్గర్నుంచి రాశాడు. మలినౌస్కీ ఈ శాస్త్రానికి పితామహుల్లో ఒకడయ్యాడు. జాఫర్ షరీఫ్‌కు మన సాహిత్య చరిత్రల్లో ఎంత చోటుంది? ఉర్దూవాళ్లు మావాడనరు, తెలుగువాళ్లు మావాడనరు. దక్కనీ రాసినవాడి గతి ఇంతేనా?

*

అక్టోబరులో పాఠాలు మొదలయ్యాయి. అక్కడ ఎమ్మే ఏడాదే. రెండు టర్ములు క్లాసులు, వారం వారం చదువుకెళ్లి చర్చించాల్సిన పేజీలు, ఎండాకాలమంతా సిద్ధాంత వ్యాసం. ఆదివారాల్లో పిల్ల ఫోను చేసేది. "మామూ, ఈ వారం మలినౌస్కీ" అనేది. "ఈ వారం నూయెర్లు" అనేది. మలినౌస్కీ 1922లో రాసిన పుస్తకం చదివాక, ఆయన చనిపోయిన తర్వాత 1967లో బయటికొచ్చిన డైరీ గురించీ చెప్పారట. ఎవరి మధ్య బతికి ఎవరి గురించి అంత గొప్పగా రాశాడో ఆ జనాన్నే డైరీలో విసుక్కున్నాడు, తిట్టుకున్నాడు. ఆ డైరీని దాచిపెట్టకుండా క్లాసులో చదివించడం మాకు నచ్చింది. తన తప్పును తనే పాఠంగా చెప్పుకునే శాస్త్రాలు ఎన్నున్నాయి? సూడాన్ నూయెర్ల మీద 1940లో పుస్తకం రాసిన ఇవాన్స్-ప్రిచర్డ్‌ను అక్కడికి పంపింది వలస ప్రభుత్వమే అన్న సంగతి కూడా దాచలేదట.

చిక్కు అలమరాల దగ్గర వచ్చింది. దక్షిణాసియా అలమరా ఒకటి, ఇస్లాం అలమరా ఒకటి. దక్షిణాసియా అంటే కులం, కులం అంటే హిందువులు. లూయీ డ్యూమాంట్ 1966లో రాసిన పుస్తకంలో శౌచం, అశౌచం మీద నిలబడ్డ పెద్ద మేడ ఉంది. అందులో ముస్లింలు ఆ మేడ నీడలో బతికే పొరుగువాళ్లు. ఇస్లాం అలమరా తెరిస్తే గీర్ట్జ్ 1968లో మొరాకోను, ఇండోనేషియాను చూపిస్తాడు. గెల్నర్ 1981లో ఉత్తర ఆఫ్రికాను చూపిస్తాడు. లైలా అబూ-లుఘోద్ 1986లో ఈజిప్టు బెదూయిన్లను, సబా మహమూద్ 2005లో కైరో మసీదుల్లోని ఆడవాళ్లను చూపిస్తారు. మంచి పుస్తకాలు. కానీ మా నూర్‌బాషాలు ఎక్కడున్నారు? తెలుగులో మాట్లాడి, పెళ్లికి నిఖా చదివించుకుని, పొలం పనుల్లో మాదిగ, గౌడ, కాపు ఇళ్లవాళ్లతో వరసలు కలిపి పిలుచుకుని, మసీదులో మాత్రం 'దూదేకులోళ్లు' అనిపించుకునే మనిషి ఏ అలమరాలో దొరుకుతాడు? ముస్లిం అలమరాకు అతను చాలనంత ముస్లిం. కులం అలమరాకు అతను చాలనంత హిందువు. రెంటి మధ్య సందులో పడిపోయాడు.

ఇంతియాజ్ అహ్మద్ సంపాదకత్వంలో భారత ముస్లింలలో కులం గురించి 1973లో ఢిల్లీలో వచ్చిన పుస్తకం పిల్లకు రీడింగ్ లిస్టులో కనిపించలేదు. లైబ్రరీలో తనే వెతుక్కుంది. "అందులో మనవాళ్లలాంటి వాళ్లున్నారు మామూ" అని ఫోనులో అరిచినంత పని చేసింది. వేల మైళ్లు వెళ్లి సొంత ఇంటి తాళంచెవి దొరికించుకున్నట్టుంది ఆ గొంతు.

*

డిసెంబరులో వచ్చిన ఫోను మాత్రం వేరు. సిద్ధాంత వ్యాసానికి విషయం ఎంచుకోవాలి. ఇంగ్లండులో పల్లెటూరి చర్చీలు ముసలివాళ్ల చేతుల్లో ఎట్లా నడుస్తున్నాయో రాస్తానంది మా పిల్ల. పువ్వులు పెట్టేవాళ్లు, గంట కొట్టేవాళ్లు, చందా డబ్బాలు లెక్కపెట్టేవాళ్లు, వీళ్లతో కూర్చుని మాట్లాడాలని దాని ఆశ. దర్గా ముజావర్ల మధ్య పెరిగిన పిల్ల కాబట్టి, ఒక ప్రార్థనాస్థలాన్ని రోజూ ఊడ్చి దీపం పెట్టేవాళ్లు ఎవరన్న ప్రశ్న దానికి సహజంగా వచ్చింది. గైడు చిరునవ్వుతోనే చెప్పారట: అది బాగానే ఉంది గానీ, నువ్వు మీవాళ్ల మీద రాస్తే ఇంకా బాగుంటుంది, నీకు అక్కడ యాక్సెస్ ఉంది కదా.

ఎక్కడైనా ఉండే గైడే. చెడ్డ మనిషి కాదు. విద్యార్థి మేలు కోరే ఆ మాట చెప్పారు. అందుకే దాని గురించి ఆలోచించాల్సి వచ్చింది. అదే క్లాసులో ఒక ఇంగ్లీషు అబ్బాయి నేపాల్ మీద రాస్తానన్నాడట, ఒక జర్మన్ అమ్మాయి ఘనా మీద రాస్తానందట. నేపాల్‌లో నీకు యాక్సెస్ ఏముందని ఆ అబ్బాయిని ఎవరూ అడగలేదు. వాళ్లకు ప్రపంచమంతా ఫీల్డు. మా పిల్లకు మా గల్లీ ఒక్కటే ఫీల్డు. తెల్లవాడి కుతూహలం శాస్త్రమైనప్పుడు, ముజావర్ ఇంటి పిల్ల చర్చి గురించి పడే కుతూహలం ఎందుకు కాకూడదు? 1832 నాటి బ్రాకెట్ ఇంకా తెరిచే ఉంది. ఈ మధ్య దాన్ని మర్యాదగా తెరుస్తున్నారు, అంతే తేడా.

ఇక ఆ యాక్సెస్ సంగతి. ఈ శాస్త్రంలో కబుర్లు చెప్పేవాళ్లను ఇన్‌ఫార్మెంట్ అంటారని పిల్ల చెబితే ఆపా ఉలిక్కిపడింది. దానికి అది ఇన్‌ఫార్మర్ అని వినిపించింది. నవ్వుకునే పొరపాటు కాదది. 2007 మక్కా మసీదు పేలుళ్ల తర్వాత పాతబస్తీలో పిల్లల్ని పట్టుకెళ్లిన రోజులు ఆపాకు గుర్తున్నాయి. ఆ పిల్లలు నిర్దోషులని తేలాకా ఆ భయం పోలేదు. 2019, 2020లలో పౌరసత్వ చట్టం గొడవ నడుస్తున్నప్పుడు, కాగితం పట్టుకుని ఇంట్లో ఎంతమంది అని అడిగే ప్రతి మనిషినీ మా బస్తీ అనుమానంగా చూసింది. అట్లాంటి గుమ్మం మా పిల్లకు తెరుచుకుంటుందంటే అది ఫలానావాళ్ల బేటీ అని. ఆ నమ్మకం దాని సొంత ఆస్తి కాదు, బస్తీ ఇచ్చిన అప్పు. పరిశోధనకు దొరికిన సౌకర్యంగా దాన్ని లెక్క రాస్తే ఆ అప్పు ఎవరు తీరుస్తారు?

*

అయితే ఈ చదువు వద్దందామా? అనలేం. ఇద్దరు మనుషులు మమ్మల్ని అననివ్వరు.

ఒకరు అంబేద్కర్. 1916 మే 9న, న్యూయార్కులో, కొలంబియా విశ్వవిద్యాలయంలో గోల్డెన్‌వైజర్ నడిపే ఆంత్రోపాలజీ సెమినార్‌లో ఇరవై అయిదేళ్ల అంబేద్కర్ భారతదేశంలో కులాల మీద పత్రం చదివాడు. ఆ గదిలో కులాన్ని ఒంటి మీద మోసినవాడు ఆయనొక్కడే అయ్యుంటాడు. తన కష్టాలు చెప్పి సానుభూతి తీసుకుని కూర్చోవచ్చు. ఆయన ఆ పని చేయలేదు. సెనార్ట్, నెస్‌ఫీల్డ్, రిస్లీ, కేత్కర్ కులానికి ఇచ్చిన నిర్వచనాలను ఒక్కొక్కటిగా పరీక్షకు పెట్టాడు. కులం గుట్టంతా లోపలి లోపల పెళ్లిళ్లలో ఉందని, ఆ కట్టు నిలవడానికే ఆడవాళ్ల మీద సతి, బలవంతపు వైధవ్యం, బాల్యవివాహం వచ్చి పడ్డాయని వాదించాడు. తనవాళ్ల గురించే మాట్లాడాడు, కానీ ఇన్‌ఫార్మెంట్ కుర్చీలో కూర్చోలేదు. మరుసటేడు ఆ పత్రం అచ్చయింది. అందులో ఆయన పేరు పక్కన బ్రాకెట్ అక్కర్లేకపోయింది.

రెండోవాడు తలాల్ అసద్. 1932లో మదీనాలో పుట్టాడు. తండ్రి ముహమ్మద్ అసద్ యూదు ఇంట పుట్టి ఇస్లాంలోకి వచ్చినవాడు. మన హైదరాబాద్ నుంచి వెలువడిన ఇస్లామిక్ కల్చర్ పత్రికకు పిక్తాల్ తర్వాత సంపాదకుడుగా ఉన్నాడు. కొడుకు ఎడిన్‌బరోలో, ఆక్స్‌ఫర్డ్‌లో ఈ శాస్త్రమే చదివాడు. 1973లో, వలస పాలనకూ ఈ శాస్త్రానికీ ఉన్న బంధాన్ని బోనెక్కించే వ్యాస సంకలనం తెచ్చాడు. 1986లో గెల్నర్, గీర్ట్జ్‌లు ఇస్లాంను చూసిన తీరును విమర్శించి, ఇస్లాం అంటే గడ్డకట్టిన స్వభావం కాదని, తరతరాలుగా తన మూలగ్రంథాలతో వాదించుకుంటూ వస్తున్న సంప్రదాయమని చెప్పాడు. ఇవాళ ఆ వ్యాసం చదవకుండా ఇస్లాం మీద ఎవరూ క్లాసు చెప్పలేరు.

ఈ ఇద్దరూ ఆ గదిలోకి వెళ్లారు కాబట్టే ఆ గది కొంచెం మారింది. మనవాళ్లు వెళ్లకపోతే అది హెర్‌క్లాట్స్ గదిగానే ఉంటుంది.

వెళ్లే దారులు మాత్రం మూసుకుపోతున్నాయి. మైనారిటీ పిల్లల విదేశీ చదువు అప్పుల మీద వడ్డీ భరించే కేంద్ర పథకం పఢో పర్‌దేశ్ 2022లో ఆగిపోయింది. దళితులు, సంచార జాతులు, భూమిలేని కూలీలు, చేతివృత్తులవాళ్ల పిల్లలకు ఇచ్చే జాతీయ విదేశీ స్కాలర్‌షిప్‌కు అదే ఏడాది కొత్త నిబంధన పెట్టారు: భారతీయ సంస్కృతి, చరిత్ర, భారత సమాజం మీద పరిశోధనలకు ఈ డబ్బు ఇవ్వరు. బరోడా మహారాజు ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో న్యూయార్కు వెళ్లిన అంబేద్కర్ ఈ నిబంధన కింద అయితే కులం మీద ఆ పత్రం రాయగలిగేవాడా? మన గురించి మనం బయట కూర్చుని రాయకూడదన్నది దాని సారం. లండన్ గైడు మీవాళ్ల గురించే రాయి అంటాడు, ఢిల్లీ సర్కారు మీవాళ్ల గురించి అక్కడ రాయొద్దంటుంది. ఏం రాయాలో నువ్వే తేల్చుకో అన్నవాడు లేడు. మా ఆపా ప్లాటు అమ్మింది కాబట్టి మా పిల్ల వెళ్లగలిగింది. ప్లాటు లేని ఆపాల పిల్లలు?

*

లండన్‌ను ఇంతగా అడిగాక మమ్మల్ని మేం అడక్కపోతే అది న్యాయం కాదు.

మా ఇళ్లలో ఈ శాస్త్రం అంటే ఎందుకు భయం? సయ్యద్, పఠాన్ ఇళ్లకు దూదేకుల, ఫకీర్, ఖురేషీల గురించి మాట్లాడితే ఇబ్బంది. ఇస్లాంలో కులం లేదనేస్తారు, సంబంధాలు చూసేటప్పుడు మాత్రం కులం అడుగుతారు. 2007లో ఆంధ్రప్రదేశ్‌లో ముస్లింలలో వెనుకబడిన గ్రూపులకు బీసీ-ఇ కింద నాలుగు శాతం వచ్చినప్పుడు ఆ పేర్ల జాబితా చూసి, మనలో ఇంతమంది ఉన్నారా అని ఆశ్చర్యపోయిన చదువుకున్న ముస్లింలను చూశాం. అత్తర్ సాయిబులు, గారడీ సాయిబులు, గుడ్డి ఎలుగువాళ్లు, తురక కాశలు. పక్క వీధి మనుషుల పేర్లు మాకు ప్రభుత్వ గెజిట్లో తెలిశాయి. పీర్ల పండుగ సంగతెత్తితే దీనీ పిల్లలు బిద్అత్ అని నోరు మూయిస్తారు. జాఫర్ షరీఫ్ ఇవాళ మా బస్తీలో రాయబోతే లండన్ డాక్టరు కన్నా ముందు మావాళ్లే అడ్డం పడేవాళ్లు.

పత్రికలవాళ్లం, మా సంగతి? చాలా ఏళ్ల కింద ఒక పల్లెలో పరుపులు కుట్టే దూదేకుల తాతతో ఒక మధ్యాహ్నం కూర్చున్నాం. దూది ఏకే విల్లు అటక మీంచి దింపి చూపించాడు. ఆ తీగను మీటి మోగించాడు. మిల్లులొచ్చి పని పోయిన సంగతి, కొడుకు మసీదులో మొదటి వరసలో నిలబడితే ఎవరో వెనక్కి లాగిన సంగతి చెప్పాడు. ఆదివారం సంచికలో అర పేజీ వచ్చింది, ఫొటోతో సహా. మంచి పేరొచ్చింది మాకు. వచ్చేటప్పుడు తాత అడిగింది ఒక్కటే: "అచ్చయినంక తెచ్చి చదివి వినిపిస్తవా బాబూ?" తెస్తామన్నాం. వెళ్లలేదు. పత్రిక కూడా పంపలేదు. ఇప్పుడాయన లేడు. హెర్‌క్లాట్స్‌ను తప్పుపట్టే నోటితోనే ఈ మాట కూడా చెప్పాలి. మా పేరు పైన వేసుకుని, ఆయన పేరు మధ్యలో ఎక్కడో రాసి వచ్చినవాళ్లం మేమూ.

*

మా పిల్ల ఏం రాయాలో మేం చెప్పలేదు. చర్చి మీద రాసినా సరే, మా గల్లీ మీద రాసినా సరే, అది దాని ఇష్టం. ఒక్క షరతు పెట్టాం. ఎవరి దగ్గర కూర్చుని విన్నావో వాళ్లకు అర్థమయ్యే భాషలో ఒక కాపీ ఉండాలి. చర్చి ముసలమ్మలకైతే ఇంగ్లీషు చాలు. మనవాళ్లకైతే తెలుగు కావాలి.

కాసేపు ఫోనులో మాట లేదు. తర్వాత అంది, "మామూ, నాకు తెలుగు రాయడం రాదు కదా."

నిజమే. ఇంట్లో దక్కనీ, వీధిలో తెలుగు, నర్సరీ నుంచి ఇంగ్లీషు మీడియం. తెలుగు బోర్డులు కూడబలుక్కుని చదువుతుంది. ఉర్దూ లిపి అరబ్బీ సిపారా దగ్గరే ఆగిపోయింది. తప్పు దానిది కాదు, ఆ బడిలో వేసినవాళ్లలో మేమూ ఉన్నాం. జాఫర్ షరీఫ్ కనీసం తన దక్కనీలో రాశాడు, ఇంగ్లీషు చేసింది ఇంకొకడు. మా పిల్ల నేరుగా ఇంగ్లీషులోనే రాస్తుంది. మధ్యలో మన భాష ఆగే మజిలీ కూడా లేదిప్పుడు. మమ్మల్ని అన్నిటికన్నా ఎక్కువ భయపెట్టిన సంగతి ఇదే. బ్రాకెట్ తీసేయమని లండన్‌తో కొట్లాడొచ్చు. మన చేతులతో మనం వదిలేసిన భాష కోసం ఎవరితో కొట్లాడతాం?

చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. ఆదివారాల్లో పిల్ల తను రాసింది దక్కనీలో చెబుతుంది. మేం తెలుగులో రాసుకుంటాం. ఇప్పటికి నలభై పేజీలయ్యాయి. ఒక్కో మాటకు తెలుగు దొరక్క అరగంట కూర్చున్న రోజులున్నాయి. అట్లాంటప్పుడు ఆపా పక్కనుంచి ఏదో ఒక మాట అందిస్తుంది, అది సరిగ్గా సరిపోతుంది. మున్షీ పని ఈసారి మేం చేస్తున్నాం. పైన పిల్ల పేరుంటుంది. దాని పక్కన ఏ బ్రాకెట్టూ ఉండదు. అచ్చయ్యాక ముందు తీసుకెళ్లి చదివి వినిపించాల్సిన ఇళ్ల జాబితా రాసి పెట్టుకున్నాం. అందులో మొదటిది ఆ దూదేకుల తాత కొడుకు ఇల్లు.